బరువు లేక జారిన రోలరు

— తాతా, నీ కండ్లద్దాల డబ్బాల ఈ ఇనుప ముక్క ఎందుకు దాసుకున్నవ్?

ఏదీ, ఇటు తే. అరె, ముక్క కాదు బిడ్డా, రోలరు ఇది. విమానం ఇంజన్ల బేరింగుల ఉంటది. నవ్వకు. జహీరాబాద్‌ల విమానమేందంటవా? బీదర్ రోడ్డు మీద, ఇప్పుడు టైర్ల దుకాణం ఉన్న కాడ, మా రేకుల షెడ్డు ఉండె. బేరింగులు తిప్పే మిషన్ల సప్పుడు శహర్‌ల ఎవ్వలు ఓర్సుకుంటలేరని ఈడ తెచ్చి పెట్టిన్రు. కొత్త బేరింగులు పెట్టెలల్ల వస్తుండె, మేము తిప్పి చూసి పంపుతుంటిమి. ఎనభైలల్ల ముచ్చట. మీ నాయిన రెండో తరగతి... కాదు కాదు, మూడు. ముందటి పండ్లు ఊడి ఉండె.

మా మీద పెద్ద ఫిట్టరు ఖాజా ఉస్తాద్. కోహీర్ ఆయన. నాకు పానా పట్టుడు నేర్పిందే ఆయన. రంజాన్ పండుగకు డబ్బా నిండ సేమ్యా తెస్తుండె, మీ నానమ్మకు వేరే డబ్బా, ‘బహూకు’, అంటే కోడలికి, అని. చాయ ముప్పై పైసలు అప్పుడు, ఒక్కనాడన్న నన్ను ఇయ్యనిచ్చిండా? ఇయ్యనియ్యలే. ఆయన యాదికొస్తే నా పాణం ఇంకా... సరే తియ్, బేరింగు సంగతి చెప్త.

నడుమ షాఫ్టు గిర్రుమని తిరుగుతది, నిమిషానికి వేల సుట్లు. దాని సుట్టూత ఈ రోలర్లు. ఒకదానికొకటి తాకకుండ ఇత్తడి పింజ్ర ఉంటది, పంజరమే అనుకో. రోలర్లు దొర్లాలె. దొర్లకుండ జారినయనుకో, ఏడి పుట్టి గిట్ల గరుకు మచ్చ పడ్తది. వేలు పెట్టి చూడు. విమానం మీదికి పోయినంక గిట్లయితే, అండ్ల కూసున్నోళ్ళను ఇగ దేవుడే చూడాలె.

వరుసగ మూడు బేరింగులు గట్లనే మచ్చలు పడ్డయి. శహర్ నుంచి ఇంజనీరు సాబ్ వచ్చిండు. “బిగించుడే సక్కగ లేదు. ఇంకొకటి పాడయితే ఉస్తాద్‌ను ఇంటికి పంపుత” అన్నడు. ఉస్తాద్‌కు ఇంకా నాలుగేండ్ల నౌకరీ ఉండె, ఇంట్ల ఆరుగురు తినేటోళ్ళు. ఉస్తాద్ చెయ్యి తప్పుతదా? కాదని చూపియ్యాలె అని పట్టువట్టిన.

ఎట్ల చూపిస్తవంటే, షాఫ్టు నూరు సుట్లు తిరిగితే పింజ్ర నలభై అయిదు దాకా తిరగాలె, అది లెక్క. మిణుకుమిణుకుమనే లైటు ఒకటుండె మా కాడ. దాన్ని ఆ లెక్కకు పెట్టి కొడితే, పింజ్ర మీద పెట్టిన గుర్తు అదే జాగకొచ్చినప్పుడే వెలుగుతది, గుర్తు కదలకుండ నిలవడ్డట్టు కానొస్తది. రోలర్లు జారితే పింజ్ర ఎన్కవడ్తది, గుర్తు ఎన్కకు నడుస్తది. అర్థమైందా? మరి గుర్తు ఏంతోని పెడ్తవ్? సున్నం పెడితె నూనెకు పోయింది, సాక్‌పీసు పోయింది. ఆఖరికి మీ నానమ్మ ఝరాసంగం జాతరల కొనుక్కున్న గోళ్ళరంగు ఎత్తుకపోయిన. అగో చూడు, ఇంకా గుర్రుగనే చూస్తది.

సాబ్ ముందట బేరింగు మీద బరువు పెట్టి తిప్పినం. ఎర్ర సుక్క నిలవడ్డది. బొమ్మ లెక్క. నేను ఉస్తాద్ దిక్కు చూసి నవ్విన. అప్పుడు సాబ్ అన్నడు, “రోజూ ఎట్ల షురూ చేస్తరో అట్లనే చేయున్రి.”

ఉస్తాద్‌కు ఒక అలవాటుండె. కొత్త బేరింగు వస్తే బరువు పూరాగ తీసేసి, జోరుగ కొద్దిసేపు తిప్పుతుండె. “కొత్త కోడెను ఖాళీ బండికే కట్టాలె బేటా, పాపం దానికి జర అలవాటు కానీ” అంటుండె. పెట్టెల వచ్చే కాయిదంల ముందు బరువు, తర్వాత జోరు అని రాసుండె, ఇంగ్లీషుల. ఆయనకు సదువు రాదు, నాకొచ్చు. మరి చెప్పాల్నా లేదా? పెద్దాయనకు నేను చెప్పుడేందని ఊకున్న. గదీ నా తెలివి!

ఆ దినం గట్లనే బరువు తీసిండు. సుక్క ఎన్కకు నడిచింది బిడ్డా. నిమ్మలంగ, తర్వాత బిరబిర. మీద బరువు లేకపోతే రోలర్లకు పట్టు దొరకది, జారుతయి. పాపమని చూసుకున్నదే కాల్చింది దాన్ని.

సాబ్ అప్పుడే చష్మా తుడుసుకుంటుండు, ఇంకా చూడలే. లైటు జోరు ఎక్కువ తక్కువ చేసే నాబు నా చేతి కింద. జర తిప్పితే మల్ల సుక్క నిలవడ్తది, ఎవ్వలకు తెల్వది. నా చెయ్యి నాబు మీదికి పోయింది, అబద్ధమాడను. తిప్పబోతుంటే ఉస్తాద్ నా మణికట్టు పట్టిండు. గట్టిగ. “ఛోడ్ బేటా, ఇడ్సిపెట్టు. ఉన్నదే కానరానీ.” సాబ్ దిక్కు తిరిగి, “గల్తీ నాదే సాబ్. చూడున్రి, ఎట్ల జారుతుందో” అన్నడు. నేను ఏడ్సిన, షెడ్డుల అందరి ముందట.

సాబ్ చష్మా పెట్టుకొని చూసిండు ఆ సుక్కను. ఇంటికి పో అనలే. “రేపటి సంది బరువు మీరే పెట్టున్రి ఉస్తాద్, ముందుగాల” అన్నడు, గంతే. దాని తర్వాత పెట్టిన బేరింగు అద్దం లెక్క బయటికొచ్చింది. ఉస్తాద్ నౌకరీ నాలుగేండ్లు పూరా చేసిండు. పోయేనాడు ఈ కాలిన రోలరు నా చేతుల పెట్టి నవ్విండు.

రేపు పొద్దుగాల నువ్వు కంపెనీల దిగుతవ్ కదా, మొదటి నౌకరీ. బరువు మీద పడ్డదని ఫికర్ పడకు. గానీ నీ చెయ్యి కూడ ఒకనాడు నాబు మీదికి పోతది, అందరిదీ పోతది. ఆనాడు పట్టుకునేటోడు ఒకడు నీ పక్కన ఉండాలె తల్లీ. సల్లగుండు. అరె, మల్ల డబ్బాల పెడ్తున్నవేంది? ఉంచుకో, నీ కాడనే ఉంచుకో...