ఏడు పాయింట్ రెండు

హలో… ఆ, నేనే, రోహిణినే. మదీనాగూడ ల్యాబ్‌లనే ఉన్న. చెప్పు రసజ్ఞా…

ఏంది, పెళ్లి వద్దా? నిన్ననే కదనే చీరల ఫొటోలు పంపినవ్…

ఆగు, ఏడ్చుకుంట చెప్తే నాకేం సమజ్ అయితలేదు… ఎవరిది, రవికిరణ్ రిపోర్టా? … హెర్పిస్. మెల్లగ మాట్లాడే. ఎక్కడున్నవ్? … ఆఫీస్ క్యాంటీన్‌లనా. మంచిగుంది, పక్క టేబుల్‌కి గూడ చెప్పు.

చంద్రయ్య తాతా, దూది తియ్యకు, గట్టిగ ఒత్తిపట్టు… నీకు కాదే, ఇక్కడ రక్తమిచ్చినాయనకి.

జాతకాలు కలిసినయ్, ఇగ రక్తాలు గూడ కలపాలని నువ్వే పట్టువట్టినవ్ కద. మరి సదువు… టైప్ వన్ ఐజీజీ, ఏడు పాయింట్ రెండు. టైప్ టూ? … నెగెటివ్. అయితే?

… ఏడంటే ఏడు నెలలా? ఎవరు చెప్పిన్రే నీకు? … నువ్వే అనుకున్నవ్. ఎనక్కి లెక్కవెడ్తే ఆయన గోవాల ఉండె. ఫొటోల పక్కన ఆమని అనే పిల్ల కూసున్నది… పాయింట్ రెండంటే ఆరు రోజులా? తారీఖు గూడ తీసినవా? … ఎక్సెల్‌ల ఏసినవ్. నువ్వు ఇరవై మంది మీద టెస్టింగ్ లీడ్‌వి, తల్లీ, ఆ సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లను దేవుడే కాపాడాలె.

ఇను. అవి నెలలు కాదు. రక్తంల యాంటీబాడీలు ఉన్నయని మిషిన్ చెప్పే కొలత, గంతే. వైరస్ అంటుకున్న కొన్ని వారాలకి తయారైతయ్, కొందరికైతే మూడు నాలుగు నెలలు. ఇగ పోవు. టైప్ వన్ అంటే ఎక్కువగ నోటి పొక్కులది, చిన్నప్పుడు మేనత్త ముద్దువెట్టినా అంటుకుంటది, పోయినేడు అంటుకున్నా గిట్లనే కనవడ్తది. ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చిండ్రు, మాకు తెల్వదు. మా డాక్టర్‌కీ తెల్వదు. తెలిస్తే ఈ కొలువిడిచి డిటెక్టివ్ ఆఫీస్ పెట్టుకుందును.

… అయినా పాజిటివే కద అంటవు. నీదెంత? … తెరవలేదా? ఇద్దరివీ పొద్దున్నే వచ్చినయ్, ఆయనదే తెరిచినవ్? తెరువు. నేనాగుత…

తొమ్మిది పాయింట్ నాలుగు.

… లేదే, నవ్వుతలేను. దగ్గు.

మరి నీ ఎక్సెల్ ప్రకారం తొమ్మిది నెలల కింద ఎవర్ని పట్టుకుందాం? అప్పటికి రవికిరణ్ సంబంధమే రాలేదు… అవునే, హాస్టల్ల పరీక్షలప్పుడల్లా నీ పెదవి మీద పొక్కులు లేస్తుండె. ఒంట్లో వేడి అని సబ్జా గింజలు తాగుతుంటివి. గదే ఇది అయుండొచ్చు. సగం జనానికి ఉంటది, ఫికర్ చెయ్యకు…

రసజ్ఞా? … ఆయన అడుగుతడనా, నీకెవరిచ్చిండ్రని?

… నితీష్ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదా? రెండేండ్లు తిరిగిండ్రు కద, ఆ ఖాజాగూడ గుట్టల మీద మీకు తెల్వని బండ లేదు. నిశ్చితార్థానికి ముందే చెప్తనంటివి…

ఓ. ఆయనది ఒక తప్పు దొరికితే నీది చెప్పే పని ఉండదనుకున్నవ్.

… తిడ్తలేను. భయమైతదని నాకెరుకే. ఆయన మంచోడు, పోగొట్టుకుంటవని భయం. నాకూ భయంగనే ఉన్నది నీ గురించి. కానీ ఆయనని ఏమన్న అడగాల్నంటే నోటితోని అడుగు, మా సూదితోని కాదు…

ఏంది, వస్తుండా? అక్కడికే? … ఉంగరం వాపస్ ఇస్తానికి నువ్వే పిలిచినవా? రామ రామ. తొడుక్కో ముందు.

… ఏం చెప్పాల్నంటే నేనేం చెప్త? నీ రిపోర్ట్ ఆయన చేతికియ్యి. అందుల నితీష్ పేరుండదు. పేరు నువ్వే చెప్పాలె.

… పెళ్లి వద్దంటే వద్దంటడు, రసజ్ఞా. అది ఆయన ఇష్టం.

… లేదే, నేను లైన్ల ఉండను. కూసోమను ఆయనని. పెట్టేస్తున్న.