పాలు పిండని ఆవు

ఫ్రాన్సిస్ చేతిలోని టీ నల్లగా ఉంది. పాలమ్ముకుని బతకమని, మట్టెవాడ చర్చి సంఘం తరఫున కిందటేడు తానే తోలుకొచ్చి ఇచ్చిన ఆవు గుడిసె పక్కనే నెమరేస్తోంది. బస్తర్ నుంచి వచ్చి, ఇక్కడ కౌలుకు చేస్తున్న దేవె ఎదురుగా కూర్చుంది.

"అక్కా, ఇంట్ల ఆవున్నది గద. పాలేవి?"

"దూడ తాగింది."

"అన్నీనా?"

"అవి దూడ పాలే గద అన్నా. మా కోయోళ్ళు పిండరు."

"మరి ఆవునెందుకు తీసుకున్నవు?"

"నువ్వు ఆవునిస్తనన్నవు. తీసుకున్నంక పాల ముచ్చట చెప్పినవు."

"గిట్లయితే ఇంకో ఇంటికి ఇయ్యమంటాండ్రు సంఘపోళ్ళు."

"మాది పాల బతుకు కాదన్నా, నాగలి బతుకు. పోలీసోళ్ళు, నక్సలైట్లు కాల్చుకుంటె నడుమ మా ఊరు తగలవడ్డది. కట్టేసిన ఎడ్లను ఇప్పుకునే టైం గూడ దొరకలె. ఈడ దున్నించుకుంటె ట్రాక్టర్ కిరాయికే పంటంత పోతాంది. అగో, ఆ కోడెదూడను జర సూడు."

ఫ్రాన్సిస్ చూశాడు. మెడ, మూపురం దిట్టంగా ఉన్నాయి.

"ఒక్కదానితోటి నాగలి నడుస్తదా?"

"ఆవు మళ్ళ సూడిమీదున్నది. ఈనినంక, పుట్టిన దూడ గూడ పాలు మరిచినంక ఆవును తోలుకపో."

"పెయ్యదూడ పుడితే?"

"ఇంకో ఈతకు సూస్తం. ఊరికెప్పుడు పోతమా అని ఇరవై ఏండ్ల సంది సూస్తలేమా?"