తొలికాయ దిగేదాకా సారు

సుంకులమ్మ ఉండేది గదా, ఏటి ఇసకలో దోసపాదులు పెట్టుకోని బతికేది, ఆమె పాదులు మాడబట్టె. ఏమైందంటే, ఏటికి పైన రంగుల కంపెనీ ఒకటి లేచె. వాళ్లొదిలే నీళ్లు ఎర్రగా, ఒకటే మందుకంపు. పోస్తే తీగ మాడతాది, పొయ్యకుంటే ఎండతాది. ఈ కాపు కూడా పోతే ఇంటికి తాళమేసి వలస పోవాల్సిందే. అప్పుడెవురో చెప్పిరంట, గాలినీ నీళ్లనీ కాపాడేదానికి ఢిల్లీలో పెద్ద శాఖ ఉందని. నవ్వొద్దే ఈరక్కా, నిజంగానే ఉంది. ఆడ ఏసీలు కూడా ఉన్నాయంట, వాళ్ల గాలి వాళ్లకి వేరే. సరే, ఈమె మొర పెట్టుకునె, ఆ శాఖ ఆఫీసరు చిదంబరం సారు జీపేసుకోని వచ్చె. సారు బయలుదేరకముందే కంపెనీకి కబురు పోయె, వాళ్లు తూము మూసిరి. సారొచ్చి చూస్తే ఏరు అద్దం మాదిరి ఉంది. “ఏమ్మా, ఎరుపు నీళ్లల్లో ఉందా, నీ కళ్లల్లో ఉందా?” అని ఎకసెక్కమాడి పోయె. జీపు దుమ్ము అణగకముందే ఏరు మళ్లా ఎర్రబడె. రెండోసారీ అంతే అనుకో.

సుంకులమ్మ ఆలోచన చేసె. ఈ సారు ఏం చేసినా చెయ్యకున్నా, ఈడున్నంతసేపూ నీళ్లు తేటగుంటాయే! మళ్లా సారు రాంగానే నేరుగా పాదుల నడుమకి పిలుచుకపోయె. పూతమీదుండే పాదుల్లో కాలుపెట్టిన కొత్తమనిషి తొలికాయ తినకుండా ఊరు దాటకూడదు, దాటితే పూత రాలతాది అని చెప్పె. అది మా ఏటోళ్ల కట్టుబాటు, ఆమె పుట్టించింది కాదు. “రాలితే నాకేమమ్మా?” అనె సారు. “ఏం లేదు సారూ, పూతతో పాటు పోయినోడి జుట్టూ రాలతాది.” ఇది మాత్రం ఆమె అప్పటికప్పుడు కలిపిందే. సారుకి ఉండేదే నాలుగు పోగులు, తడుముకోని కూలబడె.

ఇంక జూడు, పొద్దున జొన్నరొట్టె, మధ్యాన్నం నాటుకోడి పులుసు, పందిరికింద నులకమంచం. సారు పండుకుంటాడు, కంపెనీ పండుకుంటాది, ఏరు తేటగా పారతాది. ఆడ రంగునీళ్ల తొట్లు నిండి పని ఆగిపాయె. మేనేజరు చాటుగా వచ్చి, సారూ, మీకు పుణ్యముంటాది, ఎప్పుడు బయలుదేరతారు అంటే, సారు అటు తిరిగి పండుకోని, “కాయ దిగలేదయ్యా” అనెనంట.

కాయ దిగె. తొలికాయ సారు చేతిలో పెట్టి, మిగిలిన కాపు సుంకులమ్మ సంతకెత్తె. ఆ ఏడు ఇంటికి తాళం పడలేదు. సారు కడుపు నిమురుకుంటా పోయి, నేనున్నన్నాళ్లూ ఆ ఏట్లో చుక్క రంగు చూడలేదని రాసె. ఢిల్లీవోళ్లు మెచ్చుకోని శాలువా కప్పిరి. ఏరు మళ్లా ఎర్రబడె, కాదనను.

ఇప్పుడు ఏటి పొడుగునా ఆడోళ్ల కొట్లాట, ఈసారి సారు మా ఇంట్లో ఉండాలంటే మా ఇంట్లో అని. ఢిల్లీలో ఆ శాఖ ఏం పని చేస్తాదో నాకు తెలీదు తల్లీ. ఈడ మాత్రం దానికుండేది ఒకటే పని, మంచం దిగకపోవడం. దిగి డ్యూటీకి పోయిందా, మన నీళ్లు పాయె!