యంత్రాల అరలో ఇర్యా గారి పుస్తకం

1989 సెప్టెంబరు నాలుగవ తేదీన శ్రీమతి ఇర్యా హైస్కనెన్ గారు మన పురపాలక గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరారు. కొంతకాలానికే పెద్ద వాహనాలు నడిపే లైసెన్సు సంపాదించి, కైనూ ప్రాంతపు అడవి దారుల్లో తిరిగే మన పుస్తకాల బస్సుకు చోదకురాలు, గ్రంథపాలకురాలు కూడా తామే అయ్యారు. ఈ మే నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు.

తొంభైలలో నిధులు తగ్గి బస్సు ఆగిపోయే పరిస్థితి ఏర్పడినప్పుడు, వారు ఊరూరా తిరిగి పాఠకుల సంతకాలు సేకరించి దానిని నిలబెట్టారు. వారి ఇద్దరు కుమార్తెలు బడి వదలగానే ఆ బస్సులోనే పాఠాలు చదువుకునేవారు. నేను బస్సులో వారికి సహాయకురాలిగా చేరిన రోజున వారు నాకు చెప్పింది ఒకే మాట: "ఎవరే పుస్తకం తీసుకున్నా కనుబొమ్మ ఎగరెయ్యకు, అమ్మాయీ."

మజిలీల దగ్గర పాఠకులు రాని వేళల్లో స్టీరింగు మీద కాగితం పెట్టుకుని వారు రాసుకున్నదంతా నిరుడు పుస్తకమైంది. చదువు గురించీ, రాత గురించీ, తమ కుటుంబం గురించీ రాశారు. అందులో ఒక అధ్యాయం తమ్ముడు తౌనో గారిది. చిన్నతనంలో ఆయనకు అక్షరాలు కుదురుగా నిలిచేవి కావు. అక్క వంటింటి బల్ల దగ్గర చదివి వినిపించిన పాఠాన్ని కంఠస్థం చేసి, బడిలో చదువుతున్నట్టు నటించేవారు. అది రాసే ముందు తమ్ముడిని అడగలేదన్న దిగులు ఇర్యా గారిని వదలలేదు.

స్థానిక రచయితల పుస్తకాలను ముందు అరలో పెట్టడం మన పద్ధతి. వారు మాత్రం తమ పుస్తకాన్ని యంత్రాల మరమ్మతు అరలో, పేరున్న వెన్ను లోపలికి తిప్పి పెట్టారు. తౌనో గారు ఎన్నడూ బస్సెక్కరు, ట్రాక్టరు పుస్తకాలు భార్యే తీసుకువెళ్తారు. మార్చిలో ఆమె జ్వరంతో పడుకోవడంతో ఆయనే వచ్చి, నేరుగా ఆ అర దగ్గరికి వెళ్లి, తిరగేసి ఉన్న పుస్తకాన్ని బయటికి తీశారు.

"అక్కా, ఇదేంటి? గేర్‌బాక్సుల మధ్య నువ్వేం చేస్తున్నావ్?"

"పొరపాటున పడుంటుందిరా. ఇటివ్వు, సరైన చోట పెడతాను."

"సరైన చోటుంటే నాకు దొరికేదా?"

ఇర్యా గారు డ్రైవరు సీటు వైపు తిరిగారు. పుస్తకం నేనే నమోదు చేసి ఇచ్చాను.

ప్రతి శనివారం అక్కగారింటికి సౌనాలో ఆవిరి స్నానానికి వచ్చే ఆయన, ఆ తర్వాత రాలేదు, ఫోనూ చేయలేదు. "వాడు ఇంక నాతో మాట్లాడడేమో," అని వారు బస్సు నడుపుతూ అంటుండేవారు.

మళ్లీ తమ్ముడి ఊరు వెళ్లేసరికి తౌనో గారు పుస్తకంతో నిలబడి ఉన్నారు.

"గడువు పెంచు."

"కోపమొచ్చిందా, తౌనో?"

"ఇంకా అంతదూరం వెళ్లలేదు. మా ఆవిడ చదివి పెడతానంది, వద్దన్నాను. శనివారాలు కూడా దీనికే పోతున్నాయి. నేనెంత నిదానంగా చదువుతానో ఊరందరికీ చెప్పావటగా, ఇప్పుడు ఓపిక పట్టు!"

ఆ అధ్యాయం ఇప్పటికీ రాలేదట. పెంచిన గడువు ఇర్యా గారి ఆఖరి పనిదినం దాటిపోయింది. ఆ పుస్తకాన్ని తిరిగి తీసుకోవలసింది నేను. ఈ సంగతి రాయడానికి ఇద్దరి అనుమతీ అడిగాను. అక్కగారు తలూపారు. తమ్ముడుగారు, "రాసుకో, నేనది చదివేసరికి నువ్వూ రిటైరవుతావు" అన్నారు.

ఇర్యా గారు నిండు ఆరోగ్యంతో, దీర్ఘాయుష్షుతో, భర్త కలెవి గారితో, పిల్లలతో సుఖంగా ఉండాలని, తమ్ముడు చివరి పుట ముగించి ఒక శనివారం వారి సౌనా తలుపు తట్టాలని మనసారా కోరుకుంటున్నాను.