మోజక్కకు ఇనవడేటి ఇంజన్

“పెద్దనాయినా, దుబాయ్‌ల రేసు కారుకు ఇంజన్ కట్టిన అంటవు గదా, ఆ ముచ్చట చెప్పు. ఫోన్‌ల రికార్డు పెట్టిన.”

పెట్టినవా? ఇంత దూరం నుంచి ఇనవడ్తదా? సరే తియ్యి. కని ముందుగాల ఒక మాట, అది దుబాయ్ గాదు బిడ్డా, అబుదాబి. ముసఫ్ఫా అని, ఎటు జూసినా షెడ్లే, గ్యారేజీలే. మనోళ్లకు గల్ఫుల ఏడున్నా దుబాయే గదా. మా అమ్మ సచ్చేదాక “నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు” అనే చెప్పుకున్నది. నేను పోయింది రెండు వేల రెండుల. ఈ ముచ్చట నాలుగుల... కాదు కాదు, ఐదుల. మీ అన్న పుట్టిన యేడు. ఆఁ, ఐదే.

ఆ షెడ్డుల నాతోని ఖాదర్ బాషా అని నెల్లూరాయన ఉండె. ఇద్దరం ఇంజన్లు ఇప్పి కట్టేటోళ్లమే. ఒక్క రూముల పండుడు, ఒక్క గిన్నెల వండుకునుడు. వాడు చేపల పులుసు జేస్తే, అబ్బ, పక్క రూములోళ్లు పళ్లాలు పట్టుకోని వచ్చేటోళ్లు. మీ పెద్దమ్మకు ఫోన్ల గా పులుసు ముచ్చట చెప్తే అలిగింది, ఇంటున్నవా, “అయితే ఆయిననే చేసుకోకపోయినవ్” అన్నది.

అయితే ఒకనాడు అబూ సాలెం అని ఒక ముసలాయన వచ్చిండు. ఆ దేశపాయననే. నూనె బావుల కాడ క్రేన్ నడిపి రిటైరయిండు. లారీల పెద్ద పెద్ద కట్టె పెట్టెలు. అండ్ల ఏముందంటే, కారు. మొత్తం ముక్కలు ముక్కలుగ! చాసీ ఒక పెట్టెల, ఫైబర్ బాడీ ఇంకో దాంట్ల. అరవైలల్ల అమెరికాల రేసులకు ఉరికిన కారుకు నకలన్నట్టు. అసలుది ఎవలికి దొరుకుతది? గందుకే దాని లెక్కనే చేసి అమ్ముతరు, మనం బిగించుకోవాలె. పైన కప్పు లేదు, ఇద్దరే కూసోవాలె, ముక్కు పొడుగు, సైలెన్సర్ పైపులు తలుపు కిందికెళ్లి బయటికే ఉంటయ్. ఎర్రగ, మిరప్పండు లెక్క.

ఇంజన్ను స్మాల్ బ్లాక్ అంటరు. పేరుకే చిన్నది, ఎనిమిది సిలిండర్లు, నాలుగు ఇటు, నాలుగు అటు. బ్లాక్ ఆయిననే తెచ్చిండు. లోపల ఏమెయ్యాలె, ఎంత బలం గుంజాలె అన్నది మా మీద ఇడిసిపెట్టిండు. గక్కడనే మొదలయింది లొల్లి.

ఖాదరేమో నాలుగు వందల యాభై హార్స్ పవర్ తియ్యాలె అంటడు. పెద్ద క్యాం ఎయ్యాలె అంటడు. క్యాం అంటే, అదే బిడ్డా, వాల్వులు ఎంత సేపు తెరిచి ఉండాల్నో చెప్పే కడ్డీ. పెద్దదేస్తే పైన మస్తు ఉరుకుతది. నిలవడితే మాత్రం డుగ్గు... డుగ్గుడుగ్గు అని కారు మొత్తం ఊగుతది. ఆ చప్పుడంటే వాడికి పాణం. నేనేమో వద్దన్న. మన ట్రాక్టరుకు ఎన్ని గుర్రాలుంటయ్? ముప్పయో నలభయో. ఈ కారు బరువు లేదాయె, చక్రాలు దగ్గరదగ్గర. మూడు వందలిస్తేనే ఎన్క చక్రాలు నిలువయి. మీదికెళ్లి ముసఫ్ఫా ఎండ! పెద్ద క్యాం ఏసుకోని సిగ్నల్ కాడ ఆగితే రేడియేటర్ల నీళ్లు సలసల కాగుతయ్.

“మూడొందలతో ఏంది అబ్బయ్యా, కూరగాయలు తెచ్చుకుంటాడా ముసలాయన?” అన్నడు ఖాదర్.

“నువ్వు ఏసిన క్యాంతోని రోడ్డు మీద నిలవడి ఏడుస్తడా మరి?” అన్న నేను.

గంతే. మాటలు బందయినయ్. ఒక్క రూముల ఉండి! వాడు పులుసు వండుకోని గోడ దిక్కు మొఖం పెట్టి తినేటోడు. నేను మామిడికాయ తొక్కు, అన్నం. వాసనకు పాణం పోతుండె గని అడుగుతనా? అడగ. షెడ్డుల ఇంజన్‌కు ఆ దిక్కు వాడు, ఈ దిక్కు నేను. పానా కావాల్నంటే వేరేటోన్ని పిలిచి అడుగుడు. ఇప్పుడు నవ్వొస్తది గని అప్పుడు మస్తు రోషముండె.

అబూ సాలెం చూసిండు. ఒకనాడు చాయ్ తెప్పిచ్చి ఇద్దర్నీ టైర్ల మీద కూసోవెట్టిండు. అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడేటోడు, మంచిగనే అర్థమయితుండె. అప్పుడు చెప్పిండు. ఆయిన వయసుల ఉన్నప్పుడు బావుల కాడ ఒక అమెరికా ఇంజనీర్ ఇసొంటి కారే తెచ్చిండట, ఒకసారి పక్కన ఎక్కిచ్చుకున్నడట. ఆ ముచ్చట ఇంటికి పోయి, నోటితోని చప్పుడు చేస్కుంట అక్కకు చెప్పిండట. మోజా ఆమె పేరు. తల్లి సచ్చిపోతే ఈయిన్ని సాదింది ఆమెనే. “నేనూ ఒకటి తెస్త, నిన్ను ఎక్కిస్త” అన్నడట. ఆమె లివా అనే ఊర్ల ఖర్జూర తోట కాడ ఉంటది. అబుదాబి నుంచి ఎడారిల పడి పొయ్యేది, మస్తు దూరం.

“ఇప్పుడామెకు కండ్లు కనవడయి,” అన్నడు. “ఎరుపేంది, నలుపేంది? ఆమెకు కారంటే చప్పుడే.”

ఖాదర్ నా దిక్కు చూసిండు. నేను వాని దిక్కు చూసిన.  చప్పుడూ ఉండాలె, ఎడారిల ఆగకుండ పోనూ పోవాలె. ఇద్దరి మాటా నిలవడాలె, తెలిసిందా?

“మధ్య రకం క్యాం ఏద్దామా?” అన్న. “సిలిండర్ల మీద నువ్వన్న అల్యూమినియం హెడ్లు ఎయ్యి, వేడి తొందరగ పోతది. రేడియేటర్ మాత్రం నేను చెప్పిందే, పెద్దది, రెండు ఫ్యాన్లు.”

“పైపులు నాకు ఇడిసిపెట్టు,” అన్నడు ఖాదర్. “చప్పుడు నేను తెప్పిస్తా.”

ఆ పొద్దు రూముల పులుసు నా పళ్లెంల పడ్డది. వాడే పోసిండు.

మొదటిసారి సెల్ఫ్ కొట్టిన్నాడు షెడ్డు రేకులు దడదడలాడినయ్. మిషన్ మీద పెట్టి కొలిస్తే మూడు వందల యాభై గుర్రాలు దాటింది. నిలవడితే డుగ్గుడుగ్గు అంటది గని వేడి చూపే సూది ఎర్ర గీత దిక్కు పోతలేదు. చుట్టుపక్కల షెడ్లోళ్లు, పఠాన్లు, బెంగాలీలు, మలయాళపోళ్లు, అందరు వచ్చి నిలవడ్డరు. అబూ సాలెం మా ఇద్దర్నీ గట్టిగ అలుముకున్నడు.

ఖర్జూరాలు దిగే ఎండకాలం. తెల్లారంగనే బయలెల్లినం. ముందుగాల ఆయిన ఎర్ర కారుల, ఎన్కకెళ్లి మేము పికప్‌ల నీళ్ల డబ్బాలు, సామాన్లు ఏసుకోని. సగం తొవ్వ దాటినంక ఆయిన చెయ్యి లేపి పక్కకు ఆపిండు. సూది పైకి లేస్తున్నది!  కారు ముక్కు మీది మూత లేపి చూస్తే ఒక ఫ్యాన్ వైరు పైపుకు తాకి కరిగింది. ఇంకేమయితది, రెండోది ఒక్కటే తిరుగుతున్నది పాపం. ఆ ఎండల ఇనుము ముడితే చెయ్యి బొబ్బలే. నేను చాప పట్టి నీడ చేస్తున్న, ఖాదర్ లోపల తల పెట్టి వైరు కోసి, వేరే దిక్కుకెళ్లి తెస్తున్నడు. అబూ సాలెంకు అక్క కొడుకు ఫోన్ జేసిండు, “అమ్మ పొద్దుగాల నుంచి గేటు కాడనే కూసున్నది” అని. ఆయిన వచ్చి చాపకు ఇంకో కొస పట్టిండు.

“రేడియేటర్ పెద్దది పెట్టబట్టి బతికాం అబ్బయ్యా,” అన్నడు ఖాదర్, తల లోపలనే పెట్టి. “లేకుంటే హెడ్లు పొయ్యుండేవి.”

“నీ అల్యూమినియం హెడ్లు గాకపోతే రేడియేటర్ ఒక్కదాంతోని ఆగకపోవు,” అన్న నేను. చెమటకు ఇద్దరి కండ్లు మండుతున్నయ్. నవ్వుకున్నం.

యల్లా, అంటే పదండి, అని మళ్ల ఎల్లినం. తోట మూల తిరుగంగనే కనవడ్డది. గేటు కాడ బురఖాల ముసలామె, గోడ పట్టుకోని లేసి నిలవడ్డది. ఇంకా మస్తు దూరమే ఉన్నం, అయినా మొఖం సక్కగ మా దిక్కే తిప్పింది. అబూ సాలెం దగ్గరికి పోయి ఇంజన్ బంద్ చేయలే, ఆడనే డుగ్గుడుగ్గుమంట కారు ఆపిండు. ఆమె వచ్చి కారు ముక్కు మీద చెయ్యి పెట్టింది.  తమ్మునికి ఏదో చెప్పింది, ఆయిన కడుపు పట్టుకోని నవ్విండు. ఏంది అంటే, “అప్పుడు నువ్వు నోటితోని చేసిన చప్పుడే మంచిగుండె” అన్నదట!

పైపులు తాకి ఆమె కాలు కాలుతదని ఖాదర్ ఉరికి తడి గోనె సంచి కప్పిండు. ఎక్కిచ్చినం. తోట చుట్టు ఒక తిరుగుడు తిరిగి వచ్చిండ్రు. దిగు అంటే దిగది. ఏంది? నేను నడుపుతా అంటది!

నిజం బిడ్డా. తోటెన్క గట్టి ఉప్పు నేల ఉన్నది, పళ్లెం లెక్క, చెట్టు లేదు, రాయి లేదు. ఆడికి తీస్కపోయి ఆమెను స్టీరింగ్ కాడ కూసోవెట్టి ఆయిన పక్కకు జరిగిండు. క్లచ్ మెల్లగ ఇడువు అంటడు, ఆగిపాయె. మళ్ల. మళ్ల ఆగిపాయె. ఆమె నేలను తిట్టింది, కారును తిట్టింది, తమ్మున్ని గూడ తిట్టింది. తర్వాత కదిలింది సూడు! మెల్లగ, మొదటి గేర్ల. గా పెద్ద క్యాం ఏసుంటే గంత మెల్లగ కదులకపోవు, దుంకి సచ్చు.

“ముందట ఏమున్నది?” అని అరిసింది.

“ఏం లేదక్కా, నేలనే,” అన్నడు తమ్ముడు.

అయితే తొక్కుతా అని తొక్కింది! దుమ్ము లేసింది. దుమ్ముల ఆమె నవ్వు ఇనవడ్తున్నది, ఇంజన్ చప్పుడును మించి. పక్కకు చూస్తే ఖాదర్ చిన్న పిలగాని లెక్క ఎగురుతున్నడు. నేను? నేను గూడ ఎగిరిన్నేమో, యాదికి లేదు.

దిగినంక మా చేతులు దొరకవట్టుకోని, నూనె మరకలు ముట్టి చూసి, దువా చేసి దీవించింది. దోసిళ్లల్ల ఖర్జూరాలు పోసింది. ఖాదర్ రెండేండ్లాయె పోయి, మంచోడు... ఆఁ, ఏం జెప్తున్న?

ఏం లేదు బిడ్డా. నువ్వు గూడ ఏదన్న చేతులతోని చెయ్యి. లొల్లి పెట్టుకునెటోడు ఒకడు దొరకాలె నీకు, అన్నం గూడ వాడే పెట్టాలె. నీ కండ్లు సల్లగుండనీ, నడుము గట్టిగుండనీ. ఇగ బంద్ చెయ్యి గా రికార్డు, పోయి తిను...