సంపు మూత కింది నంబరు

పాక ముందు బావ పాలక్యాన్లు తోముతున్నాడు. పాక వెనక మేస్త్రి గోడ కడుతున్న చప్పుడు. ఫోన్లూ రేడియోలూ బాగుచేసే బావమరిది, బావ ‘యాంటెన్నా’ అని పిలిచేవాడు, సైకిలు పట్టుకునే నిలబడ్డాడు.

“గోడ సంగతి తరవాత చెబుతా. ముందు నీ పెట్టెకి దండెయ్యాలిరా యాంటెన్నా.”

“దండలెందుకులే బావా. గోడ ఎందుకని అడిగాను.”

“ఇటు నా ఆవులు, అటు వాడి నర్సరీ మొక్కలు. వాడి మొహం నాకు కనబడకూడదు, నా మొహం వాడికి కనబడకూడదు. చాలా?”

“చిన్నబావ మొహమా?”

“చిన్నబావట. నాకు తమ్ముడైతే మాత్రం, దొంగని కూడా వరసపెట్టి పిలుస్తావేంరా? ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క సంపు. రాత్రి కరెంటిచ్చినప్పుడు బోరు పోస్తుంది, పగలు ఇద్దరం వాడుకుంటాం. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి నా ఆవులకి చాలట్లేదు. మరి నీళ్ళెటు పోతున్నట్టు? అందుకేగా నీచేత పెట్టె పెట్టించాను.”

“నీళ్ళెన్నున్నాయో చూసుకోవడానికన్నావు. దొంగని పట్టడానికని అనలేదు.”

“అంటే పెట్టేవాడివా?”

“పెట్టేవాణ్ణి కాదు.”

“అందుకే అనలేదు. అయినా నీ తెలివికి మెచ్చుకోవాలి. చూడబోతే సబ్బుపెట్టెంత లేదు, సిమ్ము లేదు, తీగ లేదు. సంపు మూత కింద కూర్చుని, ఎక్కడో ఊరి అవతల నీ కొట్టు మీదున్న కడ్డీకి కబురు అందించేస్తోంది. అక్కణ్ణుంచి నా ఫోనుకి. నెలలు గడిచినా బ్యాటరీ అయిపోదంటివి...”

“ఎక్కువసేపు నిద్రపోతుంది, అందుకు. లేచి ఒక్క నంబరు పంపి మళ్ళీ పడుకుంటుంది. నువ్వేం చూశావు ఫోన్లో?”

“పడుకోబోయే ముందు నూట నలభై. లేచి చూస్తే ముప్పై. ఒక్క రాత్రి కాదు, రోజూ ఇదే వరస. రాత్రంతా బోరు పోస్తుంటే పెరగాల్సింది పోయి తరుగుతోందంటే అర్థమేంటి? వచ్చింది వచ్చినట్టు వాడి మొక్కలు తాగేస్తున్నాయనేగా.”

“రాత్రి నూట నలభై. పొద్దున ముప్పై.”

“ఆఁ.”

“తిరగేసి చెప్పట్లేదు కదా?”

“నాకు అంకెలు రావనా నీ ఉద్దేశం?”

“అది కాదు. మధ్యాహ్నం ఎప్పుడైనా చూశావా?”

“మధ్యాహ్నం దేనికి? దొంగ భోజనాల వేళకి వస్తాడా?”

“పోనీ పొద్దున్నే మూత తీసి చూశావా?”

“ఆ బండ ఎవడు ఎత్తుతాడు? చెరో వైపు ఇద్దరు పట్టాలి. వాడికీ నాకూ మాటల్లేక ఎన్నాళ్ళయింది? పెట్టె ఉండగా మూతతో పనేంటి?”

“చిన్నబావతో ఏమైనా అన్నావా?”

“ఏమైనానా? మొక్కలు కొనడానికి జనం వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ళందరి ముందే కడిగేశాను. మీరు కొంటున్న గులాబీలకి పోసింది నీళ్ళు కాదమ్మా, నా ఆవుల గొంతు ఎండగట్టి తెచ్చిన సొత్తు అన్నాను. ఒకావిడ చేతిలో కుండీ కింద పెట్టేసి వెళ్ళిపోయింది. మరదలు లోపల్నుంచి వచ్చి, ఊరుకోండి బావగారూ, పిల్లలు వింటున్నారు అంది. వింటే విననీ, తండ్రెలాంటివాడో తెలుస్తుంది అన్నాను.”

“బావా...”

“ఉండు. అమ్మ పోయినప్పుడు ఖర్చులకి వెనకాడింది కూడా వీడే, అదీ అనేశాను. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాను. హాయిగా ఉంది.”

“అతనేమన్నాడు?”

“అనడానికేముంది? నీళ్ళగొట్టం చేత్తో పట్టుకుని నాకేసి చూస్తూ నిలబడ్డాడు. తప్పు చేసినవాడి చూపు తెలీదూ? ఆ సాయంత్రమే వాడి వైపు పోయే పైపు కోసి బిరడా కొట్టాను.”

“పైపు కోసేశావా?”

“మరి ముద్దు పెట్టుకోమంటావా?”

“ఈ ఎండకి నారు ఒక్కరోజు ఆగుతుందా? నర్సరీ అంతా మాడిపోదూ?”

“మాడనీ. సాయంత్రం పంచాయితీ చెప్పడానికి పెదనాన్న వస్తున్నాడు. నువ్వు కూడా పక్కన కూర్చుని, ఆ నంబర్లేంటో నీ నోటితో ఆయనకి చెప్పు. సంపు నాకు రాసేయమంటాను. ఏంట్రా, సైకిలు దిగావు గానీ ఇంకా దాన్ని వదలవు?”

“నేను చెప్పను.”

“ఏం? వాడి నర్సరీలో నీకూ వాటా ఉందా?”

“ఆ నంబరు నీళ్ళది కాదు బావా.”

“మరి పాలదా?”

“ఎకసెక్కాలు తరవాత. అది మూత కింద నుంచి చప్పుడు వదుల్తుంది. మనకి వినపడదు. ఆ చప్పుడు నీళ్ళకి తగిలి వెనక్కి వస్తుంది. ఎంత దూరంలో తగిలిందో, సెంటీమీటర్లలో అదే నీ ఫోన్లో నంబరు. అది నీళ్ళ లోతు కాదు, మూతకీ నీళ్ళకీ మధ్య ఉన్న ఖాళీ. రాత్రి నూట నలభై అంటే సంపు అడుగంటింది. పొద్దున ముప్పై అంటే నిండింది. రోజూ రాత్రి బోరు పోస్తోంది, సంపు నిండుతోంది. అంతే జరిగింది.”

“మరి ఆవులకి నీళ్ళెందుకు చాలట్లేదు?”

“మొన్న సంతలో ఇంకో జత తెచ్చావుగా. వాటికి దాహం వెయ్యదా?”

“నోర్ముయ్. నీ పెట్టె తగలెయ్య. నీళ్ళు తగ్గితే నంబరు పెరగడమేంట్రా? ఏ బుద్ధున్నవాడైనా అలా చేస్తాడా?”

“సంపు లోతెంతో తెలిస్తే అందులోంచి ఈ ఖాళీ తీసేసి అసలు నీళ్ళే చూపించేలా రాసేవాణ్ణి. కొలిచి చెప్పు బావా అని ఎన్నిసార్లు అడగలేదు? ఇదిగో అంటివి, అదిగో అంటివి. నా తప్పు కూడా ఉంది, లోతు తెలిసేదాకా నీ ఫోనుకి పంపకుండా ఉండాల్సింది. కానీ నేను నీకు నంబరే ఇచ్చాను. దొంగని ఇవ్వలేదు.”

“ముందే చెప్పి ఏడవచ్చుగా, ఖాళీ అని.”

“చెప్పాను. పెట్టిన రోజు నువ్వు పాలు పొయ్యడానికి వెళ్ళావు. ఉన్నవాళ్ళకి చెప్పాను.”

“గుట్టుగా పెట్టమంటే ఎవరికి చెప్పావురా? మీ అక్కకా?”

“అక్క ఎత్తుతుందా ఆ బండని? రెండో వైపు పట్టుకున్నది చిన్నబావే. యాంటెన్నా పైకి తియ్యడానికి బొక్క పెట్టి ఇచ్చింది కూడా అతనే. మంచి పని చేశావురా, నీళ్ళ కోసం గొడవలుండవిక, అన్నాడు.”

“వాడికి తెలుసా?”

“తెలుసు.”

“నేను తిడుతున్నప్పుడు కూడా తెలుసా?”

“తెలుసు.”

“అయితే గుడ్లప్పగించి చూస్తాడేం? నోరు పడిపోయిందా? వేలితో చూపించి, అన్నయ్యా అది తప్పు అంటే పోయేదానికి... ఇప్పుడు జనంలో తలెత్తుకోకుండా చేశాడు నన్ను.”

“నిన్నా?”

“సరేలే. పైపు నేనే అతికిస్తా. పెదనాన్నకి రావద్దని ఫోన్ చెయ్యి. ముందు వెళ్ళి ఆ మేస్త్రిని ఆపమను.”

“వచ్చేటప్పుడే ఆపమన్నాను. ఆపలేదు.”

“పని ఇచ్చింది నేను. నేను వద్దంటున్నానని చెప్పు.”

“మేస్త్రి ఆపేవాడే బావా. ఇటుకలు అందిస్తున్నది చిన్నబావ. నువ్వు తిట్టిన సంగతి అక్కడే విన్నాను, నీ నోట కూడా విందామనే ఇందాక తెలియనట్టు అడిగాను. నంబర్ల సంగతి తెలిసి కూడా అన్నకి ఎందుకు చెప్పలేదు అని అడిగాను.”

“ఏమన్నాడు?”

“‘ముందు నన్నొకసారి అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. ఇంకో రెండు వరసలు ఎత్తు లేపమని చెప్పాను మేస్త్రికి’ అన్నాడు.”