ఆషాఢంలో రబ్బరు రింగు

ఆత్మకూరు. ఆషాఢ మాసం, శుక్రవారం మధ్యాహ్నం. బస్సు ఆగే చోట కోటిలింగం శెట్టి సోడా కొట్టు. వీధికి అవతల, కొట్టుకు ఎదురుగా, కొత్త పెళ్లికూతురి పుట్టిల్లు.

"రింగు ఒకటే ఉండాదా శెట్టిగారూ? బాగా చూడండి."

"చూసేదేముంది నరసింహా, ఒకటే. పోయిన శుక్రవారం ఒకటి ఇచ్చినాను గదా, అదేమయింది?"

"బిగించినాను. ఆ జాయింటు దగ్గర గాలి కారేది ఆగింది. పక్క జాయింటు దగ్గర మొదలైంది. రింగులన్నీ ఒకేసారి మారిస్తే గాని ఆ సెట్టు పనికిరాదు."

"దొరలు వీపున గాలిబుడ్డి కట్టుకొని సముద్రంలో మునిగే సెట్టు, ఉదయగిరిలో నీకెందుకయ్యా? మీ ఊళ్లో కొండ ఉండాది గాని సముద్రం లేదే."

"బావి ఉండాది గదా. మా ఇంజను పైపు కొసన ఉండే ఇత్తడి వాల్వు ఊడి అడుక్కి పోయింది. మా పాలేరు కొండయ్య మునిగి చూసినాడు, ఊపిరి చాల్లేదు. అప్పుడు నా సెట్టు గుర్తొచ్చింది. మదరాసులో చదివేటప్పుడు హార్బరు పక్కన పాతసామాన్ల అంగట్లో కొన్నాను. అంతా బాగుండాది, రబ్బరే ఎండిపోయింది. కంపెనీకి రాస్తే ఒక్కో రింగుకు గొర్రెపిల్ల ఖరీదు చెప్పినారు."

"అందుకని నా గోలీ సోడా బుడ్డి మూతిలో రింగు మీద పడినావు."

"మూడునిద్దర్లకు అత్తగారింటికి వచ్చినప్పుడు, ఈ బెంచీ మీదే సోడా తాగతా కనిపెట్టినా. అచ్చం అదే కొలత. మా అత్తకు కూడా చూపించినా."

"అది సరే. ఉదయగిరిలో సోడా కొట్టు లేదా?"

"ఉండాది. ఆ రింగులు కొంచెం పలచన."

"పలచనా?"

"పలచనే."

"ఆత్మకూరువి మందమా?"

"మందం. శెట్టిగారూ, ఎదురింటి తలుపు తీసినట్టుండాది?"

"ఇంకెవరు, నీ పెళ్లామే వస్తా ఉండాది. నువ్వు గోడవైపు తిరిగి సోడా తాగు. ఆషాఢంలో కొత్తల్లుడు అత్త గడప తొక్కకూడదు, పెళ్లాంతో కలవకూడదు."

"గడప తొక్కలేదు గదా. నేను రబ్బరు కోసం వచ్చినాను."

"శెట్టిమామా, ఒక సోడా కొట్టు. కడుపు ఉబ్బరంగా ఉండాది."

"కడుపు ఉబ్బరానికి తలనిండా కనకాంబరాలు పెట్టుకొని వచ్చినావా చెంచులక్ష్మీ?"

"అమ్మ పెట్టింది. బస్సు హారను వినపడతానే, 'ఏందే, మొహం అట్లుండాది, పోయి సోడా తాగిరా' అనింది. ప్రతి శుక్రవారం ఇదే వరస. నా కడుపు సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆ గోడను చూస్తా కూర్చున్న ఆయన ఎవరు మామా?"

"ఎవరో ఉదయగిరి మనిషి. రబ్బరు బేరం."

"పాపం, చిక్కిపోయినాడే."

"మా ఇంట్లో కూర వండే మనిషి పుట్టింటికి పోయింది లెండి."

"ఆ మనిషి వండిన కూరలో ఉప్పెక్కువ అన్నాడంట గదా ఆయన."

"మారు పెట్టించుకున్నాను. అది చెప్పలేదా ఆ మనిషి?"

"ఏమండీ, ఇటు తిరగండి. అమ్మ కిటికీ వేసి ఉండాది. చూసిందంటే నన్ను కలువాయికి, పిన్నమ్మ ఇంటికి తోలేస్తాది."

"తిరిగితే పాపమంట చెంచూ."

"నేను ఇంటరు చదివినాను, ఆ పాపం సంగతి నేను చూసుకుంటా. తిరగండి."

"తిరిగినాను. నవ్వుతావేంది?"

"మీసం మీద నురుగు. ముసలాయనయితే ఎట్లుంటారో ఇప్పుడే చూసేసినాను. బాగానే ఉంటారు."

"అమ్మణ్ణీ, నేను ఈడనే ఉండాను."

"ఉండు మామా. నువ్వు లేకపోతే మేమిద్దరం కలిసినట్టవుతాది. అది తప్పు గదా."

"చెంచూ, ఇది నవ్వే రోజు కాదు. పొద్దున నాయన తేల్చి చెప్పేసినాడు. రింగులన్నీ ఈరోజే తెచ్చి వాల్వు తియ్యాలంట. లేకపోతే అనంతసాగరం నుంచి బావుల్లో దిగే మనుషుల్ని పిలిపిస్తాడంట. నేనిక బస్సెక్కేది లేదంట."

"అయితే తీసుకుపోవద్దు."

"తీసుకుపోకపోతే ఇక బస్సు లేదంటా ఉండాను గదా."

"తీసుకుపోతే?"

"సెట్టు పనిచేస్తాది. వాల్వు పైకొస్తాది."

"అప్పుడు బస్సు?"

"అప్పుడూ లేదు."

"మదరాసులో చదివి, ఈ లెక్క ఇప్పుడా చేసేది? శ్రావణం యాడుండాది, మనం యాడుండాము. ఒక్కో జాయింటూ నిదానంగా కారతా ఉంటే మీకేం పోయింది?"

"నిన్న బావిలో దిగినాను చెంచూ."

"కారతా ఉన్న సెట్టుతోనా?"

"తలమునక వరకే. కొండయ్య తాడు పట్టుకొని పైనే ఉండాడు. నీళ్ల కింద ఎండ ఎట్లుంటాదో తెలుసా? లేత నిమ్మకాయ రంగు. నా ఊపిరే బుడగలై, మొహం మీదుగా గలగలా పైకి పోతా ఉండాది. పైన ఎవరో పిలుస్తా ఉంటే వేరే ఊరినుంచి వినపడినట్టుంటాది. నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది."

"నేనా? బావిలోనా?"

"శ్రావణంలో నువ్వు వచ్చేసరికి అన్ని జాయింట్లూ బాగుచేసి, నిన్ను ఒకసారి దించాలని. నీ నడుముకు సరిపోయేట్టు పట్టీ కూడా కుట్టించినాను."

"కొలత ఎవరిచ్చినారు?"

"ఎవరిస్తారు? నాకు తెలుసు."

"శెట్టిమామా, నువ్వు అటు తిరుగు."

"ఎప్పుడో తిరిగినాను అమ్మణ్ణీ."

"అయితే కొనండి. అన్నీ కొనండి. ఆషాఢమంతా బస్సు లేకపోతే మాననీ, నేను నీళ్ల కింద ఎండ చూడాలి. మామా, ఒకటి కాదు, అన్నీ తియ్యి."

"ఒకటే ఉండాదమ్మా."

"ఆ నిమ్మకాయల బుట్ట వెనకాల పెట్టె ఏంది?"

"ఏ పెట్టె?"

"అదిగో, ఆ అట్టపెట్టె."

"అది... అందులో గోలీలు."

"గోలీలైతే ఇంత తేలిగ్గా ఉంటాయా?"

"తియ్యొద్దమ్మా, ఉన్నచోట పెట్టు."

"ఏమండీ, ఇటు చూడండి. నిండా రింగులే. ఎర్రగా, కొత్తగా, కొత్తచెప్పుల వాసన."

"శెట్టిగారూ, ఏంది ఇది? వచ్చినప్పుడల్లా ఒకటే ఉండాది, ఒకటే ఉండాది అంటిరే."

"అవి నావి కావు. అమ్ముడుపోయినాయి."

"రెట్టింపు ఇస్తాను."

"పదింతలు ఇచ్చినా అమ్మేదానికి లేదు."

"ఎవరు కొన్నారు? ఆత్మకూరులో ఇంకెవరికి ఉండాది గాలి సెట్టు?"

"చెప్పకూడదు. చెప్పనని మాటిచ్చినాను."

"మామా, నాకు ఊహ తెలిసినప్పటినుంచి నీ అంగట్లో తూకం తప్పింది లేదు. మా ఆయన దగ్గరే తప్పాలా?"

"అంత మాట అనొద్దు అమ్మణ్ణీ. మీరు మూడునిద్దర్లు చేసుకొని ఉదయగిరికి పోయినారు గదా, ఆ మర్నాడే ఒక మనిషి వచ్చింది. పెట్టె మొత్తానికి డబ్బులిచ్చింది. ఈడనే దాచమనింది."

"వచ్చిందా? ఆడమనిషా?"

"నేను ఆడమనిషి అన్నానా?"

"అనింది, వచ్చింది అంటివే. ఏమండీ, కిటికీ. అమ్మ కిటికీ తీసింది. గోడవైపు తిరగండి, బిరీన."

"చూసేసింది చెంచూ. నేరుగా నా మొహమే చూసింది."

"అయిపోయింది. కలువాయికి మూట కట్టుకోవాల్సిందే."

"ఉండు ఉండు. మళ్లా మూసేస్తా ఉండాది."

"మూసేసిందే. అరవకుండా ఎందుకు మూసేసింది మామా? నువ్వెందుకు నవ్వుతా ఉండావు?"

"ఇంక నావల్ల కాదు. ఇదో నరసింహా, ఈ వారం రింగు, జోబీలో వేసుకో. మీ నాయన గురించి దిగులు పడొద్దు, 'రింగులు మదరాసు నుంచి ఒక్కొక్కటే వస్తా ఉండాయి, అబ్బాయిని పంపిస్తా ఉండండి' అని పొద్దున్నే బస్సు డ్రైవరుతో కబురు పోయింది."

"ఎవరు పంపినారు మామా ఆ కబురు?"

"'అల్లుడు నా గడప తొక్కకూడదు గాని, నీ అంగడి గడపకు ఆషాఢం లేదు గదా శెట్టీ, శ్రావణం వచ్చిందాకా శుక్రవారానికి ఒక్కటే ఇయ్యి' అని పెట్టె మొత్తం కొని ఈడ దాచిపెట్టింది, ఇప్పుడు ఆ కిటికీ మూసిందే, మీ అమ్మే."